జిగ్మస్ యుక్నా

పందెపు పడవలో తెడ్డు వేయువాడు చేరవలసిన గమ్యమునకు వీపు త్రిప్పి కూర్చుండును. దాటివచ్చిన నీరే వాని కన్నులకు కనబడును. ఈ యాటలో పేరొందిన జిగ్మస్ యుక్నా అను లిథువేనియా దేశస్థుని వృత్తాంతమును మేము భూగోళ తరగతిలో చెప్పుచుందుము.

యుక్నా 1935లో జన్మించెను. అప్పటికి బాల్టికు సముద్రతీరమున లిథువేనియా స్వతంత్ర రాజ్యము. 1924, 1928 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలకు తన పేరుతోనే క్రీడాకారులను పంపియుండెను. 1940లో సోవియట్ సేనలు ఆ దేశము నాక్రమించెను. కావున యుక్నా పెరిగి తెడ్డు చేపట్టునాటికి ఒలింపిక్ పట్టికలలో ఆ పేరు లేదు.

1960లో రోమ్ క్రీడల పడవపందెములు అల్బానో సరస్సుపై జరిగెను. యుక్నాయు, స్వదేశీయుడగు అంటానస్ బాగ్దొనావిచియుసును చెరియొక తెడ్డు పట్టిరి. ఇగర్ రుదకోవ్ చుక్కాని పట్టెను. ఇట్టి పడవలో ఇరువురి బలము సమానమైనంత మాత్రమున చాలదు. తెడ్లు నీట మునుగు క్షణమును ఒక్కటి కావలెను. ఒకడు రవంత ముందైనను పడవ ప్రక్కకు మొగ్గును. రెండువేల మీటర్లు అట్లు పొత్తు చెడక నడుపుట సామాన్యమా? వారికి రజత పతకము లభించెను. స్వర్ణము జర్మనీ పడవకు దక్కెను. దాని చుక్కాని పట్టినవాడు క్లౌస్ త్సెర్టా అను పదమూడేండ్ల బాలుడు! తెడ్డు వేయనివాడు పడవకు బరువే గనుక తేలికవానిని కూర్చుండబెట్టుట వాడుక. ఈ మాట చెప్పినంతనే మా పిల్లలు యుక్నాను విడిచి, ఆ బాలుని బరువెంత యని అడుగుదురు.

పిమ్మట వారిరువురును ఎనిమిది తెడ్ల పెద్ద పడవ నెక్కిరి. 1964లో టోక్యోలో అయిదవ స్థానమే వచ్చెను. 1968లో, గాలి పలుచనగు మెక్సికో నగరమున, కాంస్యము గెలిచిరి. చుక్కానివానితో కూడ తొమ్మండుగురిలో నలుగురు లిథువేనియనులు. పతకములన్నియు సోవియట్ యూనియన్ లెక్కలో చేరెను.

యుక్నా 1980లో మరణించెను. లిథువేనియా 1990లో స్వాతంత్ర్యమును ప్రకటించి, 1992లో తన జెండాతో మరల ఒలింపిక్ క్రీడలకు వచ్చెను. 2000లో సిడ్నీయందు బిరూతె షకిత్స్కియెనె, క్రిస్తినా పొప్లావ్స్కాయా అను స్త్రీలు జంటపడవలో కాంస్యము పొందిరి. ఈ పతకము లిథువేనియా పేరుననే వ్రాయబడెను.

"మాస్టరుగారూ, మరి యుక్నాగారి పేరు ప్రక్కన గూడ ఇప్పుడు దిద్దరాదా అండీ?" అని ఒక విద్యార్థిని అడిగినది. దిద్దరాదంటిమి. అతడు ఏ జెండా క్రింద తెడ్డు వేయవలసివచ్చెనో అదియు చరిత్రయే. చెరిపినచో ఆక్రమణము సంగతియు చెరిగిపోవును. అతని మనస్సులో ఏ దేశముండెనో మేము కల్పించి చెప్పజాలము. నల్లబల్లపై మాత్రము అతని పేరు వ్రాసి, దాని క్రింద రెండు దేశముల పేర్లును వ్రాసితిమి. ఆ బాలికకు ఇది తృప్తి కలిగింపలేదు. ఏ పేరు ముందు వ్రాయవలెనని మరల లేచి నిలిచినది.