పాత కంప్యూటరుకు కొత్త జ్ఞాపకశక్తి

బిలాస్‌పూర్ సదర్ బజారులో నగల దుకాణాలు దాటి ఒక సందులోకి తిరిగితే, ఇద్దరు నిలబడితే మూడవవారికి చోటు లేని మరమ్మతు దుకాణమొకటి ఉన్నది. గత వేసవిలో ఒక మధ్యాహ్నం నేను అక్కడ నా అజ్ఞానానికి రొక్కం చెల్లించి ఇంటికి వచ్చాను.

నా కంప్యూటరు 2010లో కొన్నది. దానిని మార్చివేయమని ఇంట్లో అందరూ చెబుతూనే ఉన్నారు. మార్చకపోవటానికి కారణం పొదుపు ఒక్కటే కాదు. ఇంగ్లీషు నుండి నేను తెనిగించిన పుస్తకాల ప్రతులన్నీ అందులోనే ఉన్నవి. అవి యూనికోడ్ అక్షరాలు కావు. ఆ రోజులలో ప్రచురణ రంగంలో విరివిగా వాడిన అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చినవి. ఆ ఫాంట్లు లేని కొత్త యంత్రంలో తెరిచామా, తెలుగు కాస్తా రోమను అక్షరాల కలగాపులగమవుతుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు లేకపోలేదు గాని, ఒత్తులు తారుమారు కాలేదని నమ్మకం కుదరాలంటే పాత ప్రతిని ఎదురుగా పెట్టుకొని పంక్తి పంక్తి సరిచూడవలసిందే. నాలుగు వందల పుటల నవలను పునర్ముద్రణకు అలా సిద్ధం చేసి ఇస్తానని ప్రచురణకర్తలకు మాట ఇచ్చి ఉన్నాను.

పనికి కూర్చొనేసరికి కంప్యూటరు మొరాయించింది. నవల తెరచి, దాని పక్కన స్కాన్ చేసిన శంకరనారాయణ నిఘంటువు తెరిస్తే చాలు, తెర బిగుసుకొనిపోయేది. హార్డ్ డిస్కు బీరువా అయితే మెమరీ పనిచేసే బల్ల వంటిది. నా బల్ల రెండు గిగాబైట్లు. ఒక్కొక్క గిగాబైటు గల రెండు పలకలు. బల్ల మీద చోటు చాలనప్పుడల్లా కాగితాలు బీరువాలో పెట్టి తీస్తూ ఉండటం వలననే ఆ ఆలస్యం.

“నీది డీడీఆర్3యే కదా దీదీ, ఇక ఏదైనా ఒకటే” అన్నాడు దుకాణంలోని కుర్రవాడు. నాలుగు గిగాబైట్ల పలక ఒకటి ఇచ్చాడు. నేనూ సరేనన్నాను.

ఇంటికి వచ్చి, కరెంటు తీగ ఊడదీసి, ఒంటిలోని స్థిర విద్యుత్తు పోయేందుకు పెట్టె లోహపు చట్రాన్ని తాకి, పాతవి తీసి కొత్తది అమర్చాను. చక్కగా దిగింది. మీట నొక్కగానే కంప్యూటరు కూత పెట్టింది. ఒకటి కాదు, ఆగి ఆగి ఒకటే కూత. రైలు కూతలకు అలవాటు పడిన ఇల్లు మాది. అయినా ఆ కూతకు నాన్నగారు సయితం పడకకుర్చీలో నుండి లేచి వచ్చారు. తెర మీద ఒక్క అక్షరం లేదు.

నాన్నగారు రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఇక్కడ కుదురుకొన్న తెలుగు కుటుంబాలు ఈ ఊరిలో చాలా ఉన్నవి; కాగితం పారవేయకపోవటం మా వారికి ఉద్యోగం నేర్పిన అలవాటు కాబోలు. కంప్యూటరుతో వచ్చిన మదరుబోర్డు పుస్తకం ఆయన బీరువాలో భద్రంగా దొరికింది. పదిహేనేండ్ల తరువాత దానిని మొదటిసారి చదివాను.

డీడీఆర్2, డీడీఆర్3 పలకలు రెండింటికీ 240 కాళ్ళే. కాని అంచులోని గాటు ఉండే చోటు వేరు. ఒకదాని గాడిలో మరొకటి దిగదు. దిగకూడదు కూడా, మొదటిదానికి 1.8 వోల్టులు, రెండవదానికి 1.5 వోల్టులు గనుక. గాడిలో దిగింది కనుక సరిపోయినట్లేనని నేను భ్రమపడ్డాను. నా బోర్డు మీద ఉన్నది ఇంటెల్ జి41 చిప్‌సెట్. అది ఒక్కొక్క చిప్పులో రెండు గిగాబిట్లు, అంటే 256 మెగాబైట్ల వరకే చదవగలదు. దానికి నాలుగు గిగాబైట్ల పలక పనికిరావాలంటే ఆ పలక మీద పదహారు చిప్పులు ఉండాలి. నేను తెచ్చిన దానిమీద ఎనిమిదే ఉన్నవి; ఒక్కొక్కటి 512 మెగాబైట్లు. కొత్త రకం, సాంద్రత ఎక్కువ. పలక మంచిదే, నా బోర్డుకు దాని భాష రాదు.

అనువాదకులకు ఈ పొరపాటు కొత్తది కాదు. హిందీలో ఉపన్యాస్ అంటే నవల, శిక్షా అంటే చదువు. లిపి మార్చి తెలుగులో దింపితే రెండూ హాయిగా ఇముడుతవి, అర్థం మాత్రం మంటగలుస్తుంది. ఇరవై ఏండ్లుగా ఈ జాగ్రత్త పాటిస్తూ, పలక దగ్గర మరచాను.

ఆ పుస్తకం ఇంకొక సంగతీ చెప్పింది. నాది 32 బిట్ల విండోస్ 7. నాలుగు గిగాబైట్లకు మించి ఎంత పెట్టినా దానికి అందదు. (ఆ విండోస్‌కు భద్రతా సవరణలు 2020 జనవరిలో ఆగిపోయినవి, అందుకే నా యంత్రానికి ఇంటర్నెట్ సంబంధం ఏనాడో తెంచివేశాను.) ఇక ఎక్కువ వేగం గల పలక కొన్నా ఈ బోర్డు 1066 వేగంతోనే నడుపుతుంది. సర్వర్ల నుండి విప్పిన రిజిస్టర్డ్ పలకలు అంగళ్ళలో కారుచౌకగా కనిపిస్తవి గాని, ఇంటి కంప్యూటర్లలో సాధారణంగా పనిచేయవు. బోర్డు పుస్తకం పోగొట్టుకొన్నవారు సి.పి.యు-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపితే, పెట్టె విప్పకుండానే బోర్డు పేరూ మెమరీ తరమూ తెలుస్తవి. ఆ పేరు తెలిస్తే, తయారీదారులు పరీక్షించి ఆమోదించిన పలకల పట్టిక వెదుక్కోవచ్చును.

మరునాడు పుస్తకం చంకన పెట్టుకొని మళ్ళీ సదర్ బజారుకు వెళ్ళాను. కుర్రవాడు నొచ్చుకోలేదు, ఆ పుట ఫోనులో ఫొటో తీసుకొన్నాడు. అటక మీది రేకు డబ్బా దించి పాత పలకలన్నీ బల్ల మీద గుమ్మరించాడు. ఇద్దరం చిప్పులు లెక్కపెట్టుకొంటూ వెదికాము. చివరకు రెండేసి గిగాబైట్ల జత ఒకటి దొరికింది: ఒకే తయారీ, రెండు వైపులా కలిపి పదహారేసి చిప్పులు. ధర మొదటిదానిలో సగం కూడా లేదు.

ఆ రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపి పడుకొన్నాను. పాత సరుకుకు ఆ పరీక్ష తప్పనిసరి అని నా అభిప్రాయం. లోపమున్న మెమరీ యంత్రాన్ని ఆపివేసినా ఫరవాలేదు, చప్పుడు చేయకుండా ప్రతిని పాడుచేస్తేనే ప్రమాదం. తెల్లవారి చూస్తే తప్పులు సున్న. నవల ఒక పక్క, శంకరనారాయణ ఒక పక్క తెరచుకొన్నవి. మొదటి అధ్యాయంలోనే పదకొండు ఒత్తులు సరిదిద్దవలసి వచ్చింది.

తీసివేసిన నా పాత గిగాబైటు పలకలు రెండింటినీ ఆ కుర్రవాడు అడిగి పుచ్చుకొన్నాడు. వాటిని రేకు డబ్బాలో వేసి మూత పెడుతూ, “ఎవరో ఒకరు వస్తారు దీదీ” అన్నాడు.