బళ్ళారి బస్సులో బొంత చుట్టుకొచ్చిన మిషను

బళ్ళారి వెళ్ళొచ్చామంటే ఎవరైనా దుర్గమ్మ గుడికనో, కోట చూడ్డానికనో అనుకుంటారు. మా పక్కింటి పిన్నిగారైతే "జీన్సు ప్యాంట్లు ఎన్ని తెచ్చారు?" అని అడిగారు. మేము తెచ్చింది ప్యాంట్లు కాదండీ. ఒక పాత కుట్టుమిషను తల! అవును, తల మాత్రమే. స్టాండు లేదు, మోటారు లేదు.

మాకు కర్నూల్లో బళ్ళారి చౌరస్తా దగ్గర చిన్న కుషన్ షాపు ఉంది. ఆటో సీట్లు, బస్సు సీట్లు, సోఫాలు, ఏవి వస్తే అవి. మావారు, ఇద్దరు పనివాళ్ళు, పెద్ద మిషను ఒకటి. పైపింగులు మాత్రం ఇంటి దగ్గర నేను కుడతాను. 2024 జూన్‌లో బడులు తెరిచే ముందు స్కూలు బస్సుల సీట్లు ఒప్పుకున్నాం, అడ్వాన్సు కూడా తీసుకున్నాం. సగం అయ్యాయో లేదో, వంగిన సూది వెళ్ళి లోపలి హుక్కుకు తగిలింది. హుక్కు మొన విరిగింది. ఆ సామాను బయటి ఊరి నుంచి రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ మావారు రాత్రిపూట వేరేవాళ్ళ షాపులో, వాళ్ళ పని అయ్యాక కుట్టారు. నేను ఇంట్లో నల్ల మిషను మీద ప్రయత్నించి మూడు సూదులు విరగ్గొట్టాను. చివరికి మిగిలిన సీట్లు ఇంకో షాపుకు వెళ్ళిపోయాయి. పనివాళ్ళకు కూలి మాత్రం ఇవ్వాలి కదా, వాళ్ళ తప్పేముంది?

అప్పుడే అనుకున్నాను, నా చీటీ డబ్బు 50 వేలు దీనికే అని. గొలుసుకని దాచుకున్నది. మావారు ముందు ఒప్పుకోలేదు, తర్వాత నాకంటే ఆయనకే తొందర ఎక్కువైంది.

బళ్ళారే ఎందుకంటారా? అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే ఇళ్ళు, షెడ్లు చాలా ఉన్నాయి. కుట్టేవాళ్ళున్న చోట పాత మిషన్లు అమ్మేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు ఉంటారు. పైగా తెలుగుతో పని జరిగిపోతుంది. ఒకప్పుడు మనదీ వాళ్ళదీ ఒకటే మద్రాసు రాష్ట్రం. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన రోజే బళ్ళారి మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనవైపు ఉండిపోయాయి. మా అమ్మమ్మ వాళ్ళ చుట్టాలు సగం ఇక్కడ, సగం అక్కడ.

పొద్దున్నే బస్సెక్కాం. కోడుమూరు దాటాక దుక్కి దున్నిన పొలాలే, ఒకచోట ఎర్రగా, ఒకచోట నల్లగా. తొలకరి పడింది కనుక బస్సంతా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్ళ కబుర్లే. "మనమూ అక్కడ దిగిపోదామా, మిషనెందుకు?" అని మావారు నవ్వారు. ఆలూరు దాటి హగరి వంతెన ఎక్కాక దూరంగా బళ్ళారి గుట్ట కనబడింది. ఆ కోటను హైదరలీ ఒక ఫ్రెంచి ఇంజనీరు చేత బాగుచేయించాడట. అంతా అయ్యాక చూస్తే పక్కనున్న కుంబార గుట్ట దీనికంటే ఎత్తు! ఆ ఇంజనీరును ఉరి తీయించాడని చెప్పుకుంటారు. ముందే ఎవరైనా కొలిచి చూసుంటే పాపం బతికేవాడు.

బస్టాండు దగ్గర ఒగ్గరణె, మిరపకాయ బజ్జీ తిన్నాం. మన ఉగ్గానికి చెల్లెలే. బొరుగులు ఇంకాస్త పొడిగా ఉంచుతారు, అంతే.

షాపతను ముందు చూపించింది జీన్సు కుట్టే సాదా మిషను. స్టాండు, మోటారుతో సహా 14 వేలన్నాడు. మావారి కళ్ళు మెరిశాయి. నేను సంచిలోంచి రెండు రెగ్జిన్ ముక్కలు తీశాను. రెండూ మీటరు పొడవు, సమానంగా కత్తిరించి తీసుకెళ్ళినవి. ఒకదానిమీద ఒకటి పెట్టి, చేత్తో లాగకుండా కుట్టమన్నాను. చివరికి వచ్చేసరికి పై ముక్క వేలెడు మిగిలిపోయింది.

మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. మామూలు మిషన్లో కింది పళ్ళు మాత్రమే గుడ్డను లాగుతాయి. పై పొర పాదానికి రాసుకుని వెనకబడుతుంది. ప్యాంటు గుడ్డకు అంత తేడా రాదు గానీ రెగ్జిన్ పాదానికి అంటుకుంటుంది. సీట్లు కుట్టే వాకింగ్ ఫుట్ మిషన్లో పళ్ళు, సూది, లోపలి పాదం మూడూ కలిసి అడుగు వేస్తాయి. జూకీలో 1541 ఆ రకమే. (ఇంట్లో మీరు రెగ్జిన్‌తో సంచో, టేబులు కవరో కుట్టుకుంటే పైన పల్చని కాగితం పెట్టి కుట్టండి. పాదం జారుతుంది. తర్వాత కాగితం చింపేయొచ్చు.)

షాపతను మంచివాడు. "ఇది ప్యాంట్లకు బాగుంటాదక్కా, సీట్లకు వద్దు. మీ మిషను ఏ నెంబరు?" అని అడిగి, సందు లోపలి గోడౌనుకు తీసుకెళ్ళాడు. బ్యాగులు కుట్టే షాపు ఒకటి మూసేస్తే వచ్చిన సామానట. అందులో అచ్చం మా మిషనే, అదే నెంబరు! తలా, స్టాండూ కలిపి 40 వేలు. తల ఒక్కటైతే 32.

అక్కడే మా ఇద్దరికీ వాదన వచ్చింది. స్టాండు కూడా ఉంటే ఇద్దరు కుట్టొచ్చని ఆయన. షాపులో రెండో స్టాండుకు చోటెక్కడుందని నేను. మనకు కావలసింది రెండో మిషను కాదు, మొదటిది పడుకున్నప్పుడు లేచేది. అదే నెంబరు కనుక ఉన్న బల్లలోనే దిగుతుంది, ఉన్న బెల్టే సరిపోతుంది. బాబిన్లు, బాబిన్ కేసు, పాదాలు, సూదులు అన్నీ అవే. సూదంటే సూదే అనుకోకండి. మన ఇంటి మిషను సూది తల ఒకపక్క చదునుగా ఉంటుంది, వీటిది గుండ్రం. ఫ్యాక్టరీ మిషన్లలోనూ ఒక రకం సూది ఇంకో రకానికి పట్టదు. మోటారు చెడితే ఏం చేస్తావన్నారు. అది నిజమే. కానీ మోటారు కర్నూల్లోనే దొరుకుతుంది, హుక్కు దొరకలేదు కదా!

కొనే ముందు నెమ్మదిగా చేత్తో చక్రం తిప్పి చూశాం, ఎక్కడా పట్టేయలేదు. హుక్కు మొనమీద దూది రాశాను, గరుకుంటే దూది చిక్కుకుంటుంది. సూది కడ్డీని పట్టుకుని ఊపాం. వాళ్ళ మోటారుకు తగిలించి, నాలుగు పొరల రెగ్జిన్ మడత పెట్టి 22 నెంబరు సూదితో కుట్టించాం. వెనక్కి కుట్టినప్పుడు ముందు పడిన రంధ్రాల్లోనే పడింది. నా రెండు ముక్కలూ ఈసారి సమానంగా వచ్చాయి. బేరమాడి 28 వేలకు ఖాయం చేశాం.

తిరుగు ప్రయాణంలో దాన్ని పాత బొంతలో చుట్టి, గోనెసంచిలో పెట్టి బస్సెక్కించేసరికి మావారి నడుం పట్టేసింది. కండక్టరు "ఏముందమ్మా ఇంత బరువు, వజ్రాలా?" అని లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

మొదటిసారి తల మార్చడానికి ముప్పావు గంట పట్టింది. ఇప్పుడు పది నిమిషాలు. వాడకుండా ఉంచితే నూనె గడ్డకట్టి బిగుసుకుపోతుందని మెకానిక్ చెప్పాడు. అందుకని నెలకొక వారం పాత తలను దించి దీన్ని ఎక్కిస్తారు. ఆ వారం పైపింగులు నేనే షాపుకెళ్ళి కుడతాను. దించిన తల మీద ఇప్పుడు కప్పేది ఆ బొంతే. బళ్ళారి మట్టి ఇంకా వదల్లేదు, రెండుసార్లు ఉతికాను కూడా.