డిగ్రీ కావాలా, చేసిన పని చాలా?

మొన్న ఆదివారం మా అక్క ఫోన్. "ఒరేయ్, వీడు బీటెక్ మానేసి డిజైనర్ అవుతాట్ట. నువ్వైనా కాస్త చెప్పరా" అని. ఫోన్ మేనల్లుడి చేతికి మారింది. "మావయ్యా, పోర్ట్‌ఫోలియో బావుంటే డిగ్రీ ఎవరూ అడగరు కదా?" అన్నాడు. ఓ ఐదారేళ్ళ క్రితమైతే ఠక్కున "అవున్రా" అనేసేవాణ్ణి. ఇప్పుడెందుకు అనలేకపోయానో చెప్పాలంటే ఇంకో కుర్రాడి సంగతి చెప్పాలి.

2016లో మా టీముకి డిజైనర్ని తీసుకోవాల్సొచ్చి ఇంటర్వ్యూల్లో నన్నూ కూర్చోబెట్టారు (చొక్కా రంగు కూడా ఇంట్లో అడిగి కొనుక్కునేవాణ్ణి!). చివరికి ఇద్దరు మిగిలారు. ఒకమ్మాయి పేరున్న డిజైన్ స్కూల్లో చదివింది. అబ్బాయి ఇంటర్‌తో చదువాపేసి, గుంటూరులో ఫ్లెక్సీల షాపులో కోరల్‌డ్రా మీద పెళ్ళి బ్యానర్లు చేస్తూ మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నాడు.

అతను చూపించింది ఒక కాటా చీటీ. మిర్చి లారీల బరువు చూసి ఇస్తారే, అది. పాత చీటీలో బండి నంబరు, తేదీ, మూడు బరువులు అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉండేవిట. రెండు రాత్రులు కాటా దగ్గరే కూర్చుని చూశాడు. డ్రైవర్లు క్యాబిన్ లైటు వెలుగులో చదువుకుంటున్నారు, నికర బరువు ఏదో తెలీక గుమాస్తాతో గొడవ పడుతున్నారు. అందుకని నికర బరువొక్కటే పెద్దక్షరాల్లో కింద పెట్టి, ఖాళీ బండి, లోడు బండి బరువులు తీసివేత లెక్కలా ఒకదాని కింద ఒకటి పెట్టాడు. పనికిరాకుండా పోయిన ఏడు నమూనాలు కూడా తెచ్చాడు. నేను ఫ్లాట్!

"డిగ్రీ కాలమ్ ఖాళీగా ఉంటే సిస్టమ్ ఒప్పుకోదండీ" అంది హెచ్చార్. మేనేజరుతో పోట్లాడి మరీ తీసుకున్నాం. ఆ అమ్మాయిని తర్వాత ఇంకో టీము వాళ్ళు తీసుకున్నారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎవరేం విమర్శించినా ఆవిడ నవ్వుతూ రాసుకునేది, కాలేజీలో ప్రతి ప్రాజెక్టుకీ జ్యూరీ ముందు నిలబడ్డ అలవాటు. మనవాడు చిన్నమాటకే రెండ్రోజులు మాట్లాడేవాడు కాదు.

చేరిన కొత్తలోనే "అన్నా, ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కడదామనుకుంటున్నా" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఎందుకు టైమ్ వేస్టు, బాపు గారు చదివింది లా, బొమ్మలు కాదు" అన్నాను. గొప్పగా.

2022లో అతన్ని ఆన్‌సైట్ పంపాలనుకున్నారు. అమెరికా క్లయింటే ఏరికోరి అడిగాడు. హెచ్1బీకి డిగ్రీ గానీ, దానికి సమానమైన అనుభవం గానీ ఉండాలి కదా. ఒక ఏడాది చదువుకి బదులు మూడేళ్ళ అనుభవం, అంటే నాలుగేళ్ళ డిగ్రీకి పన్నెండేళ్ళు. పైగా అది డిగ్రీ ఉన్నవాళ్ళ మధ్య చేసిన పనని కాగితాలు చూపించాలి. ఫ్లెక్సీ షాపు ఓనరు ఏ కాగితమిస్తాడు? లెక్కకొచ్చింది మా దగ్గరి ఆరేళ్ళే. నన్ను వినకుండా అప్పుడే మూడేళ్ళ డిగ్రీ కట్టుంటే, 2019కి అది, ఆపైన మూడేళ్ళ అనుభవం, దాదాపు సరిపోయేది. బాపు గారికి స్టాంపింగ్ అవసరం రాలేదు మరి!

అతను నన్నొక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. బీటెక్ పూర్తిచేసి సీడ్ రాస్తే ఐఐటీల్లో డిజైన్ పీజీ చెయ్యొచ్చు, మన హైదరాబాద్ ఐఐటీలోనూ ఉంది. "ఈలోపు మీ కాలేజీ హాస్టల్ మెస్ టోకెన్ల పద్ధతి చూసి, ఏం మార్చాలో నాకు పంపు" అన్నాను. "మెస్సా?" అన్నాడు నీరసంగా. చూడాలి.

నిన్న ఆ కుర్రాడి దగ్గర్నుంచి మెయిలొచ్చింది. "అన్నా, వచ్చే నెల సెకండియర్ పరీక్షలు, నాలుగు రోజులు సెలవు కావాలి" అని. పూర్తిగా చదవకుండానే అప్రూవ్ కొట్టాను.