మా వంశంలోనే ఉందండీ!

పోయిన ఏడాది ఆఫీసులో అందరికీ ఊరికే చేయించే హెల్త్ చెకప్ నేనూ చేయించుకున్నా. పరగడుపున షుగరు 112, హెచ్‌బీఏ1సీ 6.1. పక్కనే బోల్డు అక్షరాల్లో "ప్రీ-డయాబెటిస్". నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు. పరీక్ష తప్పిన కుర్రాడు మార్కుల లిస్టు దాచుకున్నట్టు, ఆ కాగితాన్ని రెండు వారాలు లాప్‌టాప్ బ్యాగులోనే దాచా.

చివరికి విజయవాడ వెళ్ళినప్పుడు అన్నం తింటూ అమ్మకి చెప్పేశా. ఆవిడేం కంగారు పడలేదు. "మీ వంశంలోనే ఉంది కదరా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంటూ ఇంకో హస్తం అన్నం వేసింది. నాన్నేమో టీవీ మీంచి చూపు తిప్పకుండా "నాకు నలభై రెండుకి వచ్చింది, నీకు కాస్త ముందొస్తుంది, అంతేగా" అన్నారు. అదేదో ప్రమోషన్ అయినట్టు!

వంశం మాట అబద్ధమేం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి టైప్-2 ఉంటే పిల్లలకి ఎప్పటికైనా వచ్చే అవకాశం సుమారు 40 శాతం, ఇద్దరికీ ఉంటే 70 శాతం దాకా ఉంటుందని అంచనా. నాన్నకి ఉంది, నానమ్మకీ ఉండేది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆవిడ కాలి బొటనవేలు తీసేశారు. ముల్లు గుచ్చుకున్న సంగతే ఆవిడకి తెలీలేదు. కాళ్ళలో స్పర్శ అప్పటికే పోయింది.

అయితే ఇక్కడో లెక్క ఉంది. నానమ్మకి షుగరు బయటపడింది అరవై దాటాక. నాన్నకి 42కి. నాకు 28కే గుమ్మంలో నిలబడింది. అప్పట్లో పరీక్షలు తక్కువ, ఒప్పుకుంటా. కానీ అదొక్కటే కారణం కాదు. మూడు తరాల్లో జీన్స్ అంత మారిపోవు కదా, మరి మారిందేంటి?

కంచం మాత్రం మారలేదు. అన్నంలో పప్పు, అన్నంలో కూర, అన్నంలో చారు, అన్నంలో పెరుగు. నానమ్మ గుడివాడ దగ్గర పల్లెలో నాట్లేసి, కోతలు కోసి, కుండలతో నీళ్ళు మోసి ఆ కంచం తినేది. నాన్న సైకిల్ మీద ఆఫీసుకెళ్ళి తినేవారు, తర్వాత స్కూటర్ కొన్నారు. నేను లిఫ్టు దిగి, కారెక్కి, మళ్ళీ లిఫ్టెక్కి, తొమ్మిది గంటలు కూర్చుని అదే కంచం తింటున్నా. దాని మీద రోజుకి అయిదు టీలు, రాత్రి అమెరికా కాల్‌లో మ్యూట్ పెట్టుకుని నమిలే మిక్చరు, ఆదివారం బిర్యానీ అదనం. అంటే ఆస్తిలో జీన్స్ వచ్చాయి, కంచం వచ్చింది. పొలం పని ఒక్కటే రాలేదు!

"నువ్వేమంత లావున్నావురా" అంటుంది అమ్మ. ఎత్తు 170, బరువు 78 కేజీలు, బీఎంఐ 27. మనవాళ్ళకి 23 దాటితేనే జాగ్రత్త పడాలంటారు డాక్టర్లు. ఎందుకో చెప్పే ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! సన్నగా కనపడుతూనే పొట్టలో కొవ్వు దాచుకోవడంలో మనం సిద్ధహస్తులం.

నాకర్థమైన భాషలో చెప్పాలంటే పాంక్రియాస్ ఒక సర్వర్. దాని కెపాసిటీ ఎంతన్నది చాలావరకు వంశం నుంచి వస్తుంది. లోడు ఎంతన్నది మన తిండీ, పొట్టా నిర్ణయిస్తాయి. కాలేయంలో, కండరాల్లో కొవ్వు చేరితే ఇన్సులిన్ మాట అవి వినవు. దాంతో ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చెయ్యాలి. కొన్నేళ్ళు లాక్కొస్తుంది, తర్వాత చతికిలపడుతుంది. చిన్న సర్వర్ ఉన్నవాడు "మా వంశమింతే" అని ఇంకో రెండు అప్లికేషన్లు దాని మీద పెడతాడా?

ఇది నా సొంత పైత్యం కాదు. 2002లో అమెరికాలో ఓ పెద్ద ప్రయోగం ఫలితాలొచ్చాయి. నాలాంటి సరిహద్దు కేసులని 7 శాతం బరువు తగ్గమని, వారానికి 150 నిమిషాలు నడవమని వెంటపడితే షుగరు వచ్చేవాళ్ళు 58 శాతం తగ్గారు. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. 2006లో అందులోవాళ్ళ జీన్స్ కూడా చూశారు. టీసీఎఫ్7ఎల్2 అనే జీన్ ముప్పు రకం రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్ళలో కూడా, తిండీ నడకా మార్చుకున్నవాళ్ళకి ఆ ముప్పు చాలావరకు తగ్గిపోయింది. మన చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన ప్రయోగంలో తగ్గుదల 28.5 శాతమే. అద్భుతం కాకపోవచ్చు, కానీ నానమ్మ వేలు గుర్తొస్తే నాకది చిన్న సంఖ్యలా అనిపించలేదు.

నేను చేసింది పెద్ద తపస్సేం కాదు. కంచంలో సగం కూర, అన్నం ఒక్కసారే. టీలో పంచదార మానేశా. రాత్రి తిన్నాక అరగంట నడక. మధ్యలో కొర్రలు, రాగులు అని ఓ నెల హడావిడి చేశా. మంచిదే కదా అని రాగిసంకటి రెండింతలు లాగిస్తే ప్రయోజనం లేదని బరువు మిషనే చెప్పింది. ఎనిమిది నెలలకి 73 కేజీలు, హెచ్‌బీఏ1సీ 5.7. గుమ్మం పూర్తిగా దిగలేదు, ఇంట్లోకి మాత్రం రానివ్వలేదు.

కష్టమల్లా ఇంట్లోనే. మన ఇళ్ళల్లో "వద్దు" అంటే "బాలేదు" అనే అర్థం. గోంగూర పచ్చడి చేసి, నేను రెండోసారి అన్నం వద్దంటే అమ్మ మొహం చిన్నబోతుంది. ఆ మొహం చూసి ఓడిపోయిన రోజులు చాలానే ఉన్నాయి. ఇక నాన్నది ఇరవయ్యేళ్ళ సిద్ధాంతం: మామిడిపండు తిన్న రోజు ఇంకో మాత్ర వేసుకుంటే సరి! డాక్టర్ తిట్టినా వినరు.

మొన్న సంక్రాంతికి వెళ్తే మాత్రం, రాత్రి నేను చెప్పులేసుకుంటుంటే "ఉండరా, నేనూ వస్తా" అన్నారు. వీధి చివరి దాకా వెళ్ళి వచ్చాం, అంతే. దారిలో నానమ్మ నాట్లేసేటప్పుడు ఎంత చురుగ్గా ఉండేదో చెప్పుకుంటూ వచ్చారు. అది కూడా వంశంలో ఉన్నదే కదా, ఎవరూ చెప్పరు!

మీ ఇంట్లో కూడా ఎవరికైనా షుగరుంటే, పాతికేళ్ళే కదా అనుకోకుండా ఓసారి పరీక్ష చేయించుకోండి. రిపోర్టు బ్యాగులో దాచుకోకండి.