కాటా దగ్గర తేలే కనీస వేతనం

కనీస వేతనంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి మూలవేతనం, రెండోది దానిమీద ఇచ్చే కరువు భత్యం. మూలవేతనాన్ని ప్రభుత్వం ఐదేళ్ళకు మించకుండా సమీక్షించాలి. కరువు భత్యం మాత్రం ధరల వెంటే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. కర్ణాటక, తమిళనాడుల్లో ఏప్రిల్ 1న ఒక్కసారే. నెలజీతాల ఆఫీసులో ఈ సవరణ ఒక అంకె దిద్దితే అయిపోతుంది. కిలోల లెక్కన కూలి కట్టే చోట అంత తేలిగ్గా తెమలదు. శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో ఈ వ్యాసకర్త ఒక ఏప్రిల్‌లో చూసిన జీడిపప్పు కార్ఖానాలో ఆ తేడా కళ్ళకు కడుతుంది.

ప్రహరీ దాటగానే కళ్ళం, దాని నిండా ఎండబోసిన జీడిపిక్కలు. ఓ పక్క కళాసీలు లారీలోంచి బస్తాలు దించుతుంటారు. పిక్కల్ని బాయిలర్ ఆవిరితో ఉడికించి ఆరబెడతారు. తర్వాత కాలితో తొక్కే కత్తెర యంత్రాలమీద డొక్క చీల్చి పప్పు తీస్తారు. డొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కనుక కోసేవారి చేతులకు ఎప్పుడూ బూడిదో ఆముదమో అంటి ఉంటుంది. ఆ పప్పును వేడి గదిలో ఆరబెట్టాక పొట్టు వలిచే హాలు వస్తుంది. చివరిది గ్రేడింగు. గుళ్ళు ఒకవైపు, బద్దలు మరోవైపు చేరతాయి. గుళ్ళను మళ్ళీ 180, 240, 320 అని సైజులవారీగా విడదీస్తారు. పౌనుకు ఎన్ని గుళ్ళు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె చిన్నదైతే గుండు పెద్దదన్నమాట.

ఒకే కప్పు కింద కూలి మూడు రకాలుగా నడుస్తుంది. బాయిలర్ మనిషికి నెలజీతం, కళాసీలకు బస్తా లెక్క, వలిచేవారికి కిలో లెక్క. అందువల్ల ఏప్రిల్ 1న మారిన అంకె మూడు దారుల్లో కిందికి దిగాలి.

మొదటి పని ఆఫీసు గదిలో జరుగుతుంది. కార్మిక శాఖ ఉత్తర్వు రాగానే గుమాస్తా చూడాల్సినవి మూడు: కార్ఖానా ఏ షెడ్యూలు కిందికి వస్తుంది, ఊరికి జోన్ విభజన వర్తిస్తుందా, ఒక్కో పనివాడు ఏ తరగతి. నైపుణ్యం అక్కర్లేని పని, కొంత నైపుణ్యం ఉన్న పని, పూర్తి నైపుణ్యం ఉన్న పని అనే తరగతుల్లో మనిషిని ఎక్కడ రాయాలో అతను నిజంగా చేస్తున్న పనే చెప్పాలి. హాజరు పట్టీలో పాతికేళ్ళ కిందట రాసిన హోదా చెప్పకూడదు. ఒకే పనికి ఆడవారికో రేటు, మగవారికో రేటు పెట్టడం కూడా నేరమే.

కరువు భత్యాన్ని సొంతంగా లెక్కగట్టబోయి పొరపడేవారున్నారు. భత్యానికి ఆధారం పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ. లేబర్ బ్యూరో ఇప్పుడు దాన్ని 2016ను 100గా తీసుకుని ప్రకటిస్తోంది. పాత నోటిఫికేషన్లు అంతకు ముందరి సూచీలమీద కట్టినవి. 2016 సూచీని 2001 సూచీలోకి మార్చాలంటే 2.88తో హెచ్చవేయాలి. ఈ మెట్టు మరిచిపోతే భత్యం తలకిందులవుతుంది. శాఖ ఉత్తర్వులో ఇచ్చిన అంకెను పట్టుకోవడమే క్షేమం.

అక్కడి నుంచి రోజు కూలికి రావాలి. నెలవేతనాన్ని 26తో భాగిస్తే రోజు కూలి వస్తుంది. వారపు సెలవుల కూలి అందులోనే కలిసి ఉంటుంది కనుక 30తో భాగించడం తప్పు. లెక్క తేలిగ్గా ఉండేందుకు మూలవేతనం 8,000, భత్యం 5,000 అనుకుంటే మొత్తం 13,000, రోజుకు 500 రూపాయలు. భత్యం 260 పెరిగితే మొత్తం 13,260, రోజుకు 510.

ఇక వలిచే హాలు. వరుసలుగా కూర్చున్న ఆడవాళ్ళ ముందు పళ్ళేలు, పక్కన పొట్టు గంపలు. చిన్న చాకు మొనతో పొర లేపి, గుండు విరగకుండా వేళ్ళతో దొర్లిస్తారు. సాయంత్రం కాటా దగ్గర వరుస కడతారు. గుమాస్తా గుళ్ళు వేరుగా, బద్దలు వేరుగా తూచి పుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ సాయంత్రం ఒక పెద్దావిడ తన డబ్బా తూకం కన్నా ముందు అడిగింది ఒక్కటే: ‘కొత్త రేటు ఎప్పట్నుంచి బాబూ?’ గుమాస్తా గోడకు అతికించిన కాగితం చూపించాడు. ఏప్రిల్ 1 నుంచి.

ఆ కాగితం వెనక లెక్క ఇది. మామూలు చేతివాటం ఉన్న మనిషి రోజుకు 10 కిలోలు వలుస్తుందనుకుంటే పాత కూలి కిలోకు 50 రూపాయలు. రోజు కూలి 510 అయ్యాక కిలోకు 51 ఇవ్వాలి. ఆఫీసులో రోజు కూలి దిద్ది, కాటా దగ్గర కిలో రేటును 50గానే వదిలేస్తే రోజంతా వలిచిన మనిషి 10 రూపాయలు నష్టపోతుంది. చెయ్యి నిదానమై 8 కిలోలే వలిచిన మనిషికి కిలో లెక్కన 408 వస్తుంది. ప్రభుత్వం ఆ పనికి రోజు కూలి మాత్రమే నిర్ణయించి, కిలో కూలి నిర్ణయించని పక్షంలో మిగతా 102 కలిపి 510 చేయాల్సింది యజమానే. ప్రభుత్వమే కిలో కూలి నిర్ణయించి ఉంటే దానికి తగ్గకూడదు. 12 కిలోలు వలిచిన మనిషికి 612 వస్తుంది. కనీసం 510 కదా అని పైది కోసేందుకు వీల్లేదు. ‘మామూలు చేతివాటం’ అంటే ఎంతన్నది కూడా సరుకును బట్టి మారుతుంది. పొర సరిగా ఆరని రోజున, చిన్న గుళ్ళు వచ్చిన రోజున తూకం పడిపోతుంది. కొన్నాళ్ళ కాటా పుస్తకం ముందు పెట్టుకుని సగటు తీస్తేనే కిలో రేటు నిలుస్తుంది.

కళాసీల జట్టుకు మేస్త్రీ ద్వారా కూలి అందుతుంది. మేస్త్రీ తగ్గించి ఇచ్చినా, ఎగ్గొట్టినా ఆ బాకీ కార్ఖానా యజమాని మీదే పడుతుంది. అందుకే మేస్త్రీ బిల్లును కొత్త రేటుతో సరిచూసి, జట్టు మనుషులకు ముట్టినట్టు రుజువు తీసుకోవాలి.

రేటు మారితే దానికి ముడిపడినవన్నీ మారతాయి. ఓవర్‌టైమ్ మామూలు రేటుకు రెట్టింపు. రోజు కూలి 510, పని 8 గంటలు అయితే గంటకు 127.50. భవిష్యనిధి చందా కరువు భత్యంతో కలిపే లెక్కించాలి. ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. ఇంటి అద్దె, ప్రయాణ ఖర్చు వంటివి చూపించి కనీస వేతనం పూర్తయిందనడం చెల్లదు. ఉత్తర్వు ఆలస్యంగా చేతికందినా అందులో రాసిన అమలు తేదీ నుంచి తేడా సొమ్ము కట్టాలి. నెలజీతం మరుసటి నెల 7లోగా, వారం కూలి వారపు సెలవుకు ముందు, రోజు కూలి పని దిగేటప్పుడు ఇవ్వాలి.

వ్యాపారం బాగాలేదన్న జవాబు ఇక్కడ పనికిరాదు. కేరళ పెంకుల పరిశ్రమకు సంబంధించిన ఉణ్ణిచోయి కేసులో సుప్రీంకోర్టు 1961లోనే ఆ మాట తేల్చింది. కనీస వేతనం నిర్ణయించేటప్పుడు యజమాని ఇవ్వగలడా లేదా అన్నది లెక్కలోకి రాదు. తక్కువకు పనిచేస్తానని కార్మికుడు సంతకం పెట్టినా అది చెల్లదు.

1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత నోటిఫికేషన్లు కోడ్‌కు విరుద్ధం కానంత వరకు కొనసాగుతాయి. పాత చట్టంలో జరిమానా 500 రూపాయల వరకే ఉండేది. కోడ్ కింద తక్కువ కూలి ఇస్తే 50,000 వరకు జరిమానా. ఐదేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. కార్మికుడు మూడేళ్ళలోపు దావా వేయవచ్చు. అధికారి బాకీతో పాటు దానికి పదింతల వరకు పరిహారం ఇప్పించవచ్చు. కూలి ఇచ్చానని రుజువు చేయాల్సిన భారం యజమానిదే. అందువల్ల నోటీసు బోర్డుమీది రేటు, కాటా పుస్తకంలోని తూకం, కార్మికుడి చేతికిచ్చే వేతన చీటీలోని మొత్తం ఒకదానితో ఒకటి సరిపోవాలి. పలాస కార్ఖానాలో ఏప్రిల్ 1 ముందు తీసిన కిలో రేటు లెక్క కాగితాన్ని కాటా పుస్తకం అట్టకు లోపలివైపు అతికించి ఉంచారు.