తుమ్మెదకు విడిచిన బొంగు

కరీంనగరములోని మా యింటి గోడవెంట రెండేండ్లుగా నేను పాకించుచున్న గుమ్మడితీగ, పెరటినిండ పసుపుపూలు పూచియు, పిందెలనన్నిటిని పండుబారజేసి రాల్చుచుండుట చూచి మనసు నొచ్చి, భాద్రపద బహుళమున ఒకనాటి వేకువ జగిత్యాల బస్సెక్కి, గంగాధర దాటిన పిమ్మట నొక పల్లెలో దిగి, మా పెద్దమ్మ పెరటిని చూడబోయితిని. ఏటేట బతుకమ్మ పండుగకు ఆమె పంపెడి గుమ్మడికాయలు మోయజాలనంతటివి. వాని మర్మ మడిగి తెలిసికొనవలెనని నా కోరిక.

తడికె తొలగించి లోనికి అడుగిడగనే ఝంకారము చెవిసోకెను. పెరటికి ఒకవైపు కంచె యంతయు తంగేడే. మూలను, పత్తిచేలలో కలుపుమందుకు మాడిపోవు గునుగు, ఇచట నడుమెత్తున వెండికుచ్చుల వలె నిలిచియుండెను. “అవి పీకుతనా బిడ్డా, బతుకమ్మకు గావాలె గద!” అనినది పెద్దమ్మ. తుమ్మెదల కొరకని ఆమె యేమియు పెంచలేదు. పండుగ కొరకు కొట్టక విడిచినది, అంతియే. ఆ విడుచుటయే ఆ పెరటికి ప్రాణమైనదని నాకు కొంతసేపటికి గాని బోధపడలేదు.

తంగేటిపూవులో మకరందము లేదు. ఉన్నది పుప్పొడి యొక్కటే, అదియు కేసరముల కొనలయందలి సన్నని రంధ్రములగుండ గాని వెలువడదు. నా కన్నులయెదుట, నల్లని మేనిపై నీలికాంతి చిమ్ము రెక్కలతో వచ్చిన పెద్ద తుమ్మెద యొకటి, పూవును కాళ్లతో బిగియబట్టి వ్రేలాడి, రెక్కలు ముడిచియే మేనినెల్ల కంపింపజేసెను. ఎగురునప్పటి రొదకంటె హెచ్చుస్థాయిలో ఒక్క క్షణము నాదము. వెనువెంటనే దాని కడుపుపై పసుపు చల్లినట్లు రజను పడెను. ఈ విద్య తేనెటీగకు రాదు. వంగ, టమాట పూవులును ఇట్టివే యగుటచేత, కంచెయందు గ్రాసము దొరకిన తుమ్మెద పదియడుగుల దూరమున నున్న వంగమడికిని వచ్చిపోవుచున్నది. 2014లో తంగేడు తెలంగాణమునకు రాష్ట్రపుష్ప మైనపుడు నేను మిక్కిలి సంతసించితిని. కాని చిన్ననాట నేను ఆ పూవు కోసిన బీళ్లన్నియు నేడు ఇండ్లస్థలములైనవి.

చిక్కుడుపందిరికి ఆనించిన బొంగులలో నొకటి మిక్కిలి పాతది. దాని కణుపు క్రింద, చిటికెనవ్రేలు దూరునంతటి గుండ్రని రంధ్రము. నేలపై రంపపుపొట్టువంటి పొడి. లోపల తల్లితుమ్మెద పుప్పొడిని తేనెతో ముద్దచేసి, దానిపై ఒక గ్రుడ్డు పెట్టి, చెక్కపొట్టుతో అడ్డుగోడ కట్టి, మరల మరియొక గది యారంభించును. కొత్త బొంగులు తెచ్చినను దీనిని పెద్దమ్మ తీయనీయలేదట. “గది దానిల్లు. మనకేమడ్డమొచ్చింది?” బావికడ గచ్చు చేయించినప్పుడును కొంత నేలను వట్టిమన్నుగనే యుంచినది, అందులో చిన్న చిన్న బొరియలు చేసికొని ఒంటరి యీగలు కాపురముండుట చూచితిని.

నా గుమ్మడితీగ కథ విని, ఆమె యడిగినది ఒక్కటే ప్రశ్న. “మందు ఎప్పుడు కొడ్తవు?”

“పొద్దున్నే, పెద్దమ్మా.”

“పొద్దుగాలనే గద పువ్వు ఇచ్చుకునేది! గప్పుడే మందు గొడితే ఈగ ఎట్లొస్తది?”

గుమ్మడికి మగపూవు వేరు, ఆడపూవు వేరు. పుప్పొడి జిగటది, గాలికి కదలదు. తెల్లవారగ విచ్చిన పూవు మధ్యాహ్నము కాకమునుపే ముడుచుకొనును. ఆ నాలుగు గడియలలో రావలసిన అతిథిని నేనే చేజేతుల వాకిటినుండి తరిమితిని. సాయంకాలము కొట్టిన మాత్రమున దోషము తీరునా యనిన, సొరపూవు సందెవేళ విచ్చి రెక్కలపురుగులను పిలుచును. ఆదిలాబాదు అడవులలో ఇప్పపూవు రాత్రి గబ్బిలములకు విందుచేయగా, మోదుగ పగలు తేనెపిట్టల నాహ్వానించును. ఏ పూవు వేళ దానిది. పెద్దమ్మ మందే యెరుగదు. ఆకులకు పురుగు తగిలినపుడు, పూవు తప్పించి, ఆకులపై మాత్రము పొయ్యిబూడిద చల్లును.

బయలుదేరునపుడు ఆమె కొంగుముడి విప్పి, ఎండిన తంగేడుకాయలు పిడికెడు నా చేతబెట్టినది.

“గోడపొంటి వేసుకో బిడ్డా. దానికి నీళ్లు గూడ ఎక్కువ వొయ్యకు.”