అత్తయ్య చెవుడు వేరు, నా చెవుడు వేరు

మన ఇళ్లలో ఎవరికైనా చూపు తగ్గిందంటే అయ్యో పాపం అంటారు. వినికిడి తగ్గిందంటే మాత్రం నవ్వుతారు. సినిమాల్లో, నాటకాల్లో చెవిటివాళ్లు హాస్యానికే పుట్టారన్నట్టు చూపిస్తారు. అందుకే చాలామంది ఆడవాళ్లు తమకు సరిగ్గా వినబడటం లేదన్న సంగతి పైకి చెప్పరు. ఎదుటివాళ్ల పెదవులు చూసి, ఊహించి, తలాడించి రోజులు నెట్టేస్తారు.

మా ఇంట్లో అలాంటివాళ్లం ఒకరు కాదు, ఇద్దరం. నేనూ, మా అత్తయ్యగారూ. ఇద్దరిదీ చెవుడే గానీ ఒకదానికీ మరోదానికీ పొంతనే లేదు. ఒకరికి పనికొచ్చిన వైద్యం ఇంకొకరికి పనికిరాదు. ఈ తేడా తెలియడానికి మాకు ఏళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. నాకిప్పుడు 46 ఏళ్లు. 27వ ఏట రెండో కాన్పయ్యాక ఎడమ చెవి మందగించింది. తర్వాత కుడి చెవి కూడా కొంచెం తగ్గింది. బాగా వినబడే చెవి దిండుకు ఆనించి పడుకుంటే పక్కలో పాప ఏడుస్తున్నా తెలిసేది కాదు. మావారు లేచి తట్టి లేపేవారు. "కన్నతల్లికి బిడ్డ ఏడుపు వినబడకపోవడం ఏమిటమ్మా, మొద్దునిద్ర కాకపోతే!" అని బంధువు ఒకావిడ నలుగురిలో అన్నారు. ఆ మాట ఎంత గుచ్చుకుందో మీకు వేరే చెప్పాలా?

చిత్రం ఏమిటంటే అదే రోజుల్లో నాకు మంచి పేరు కూడా వచ్చింది. కోడలు ఎంత అణకువ, గొంతెత్తి మాట్లాడదు అని మెచ్చుకునేవారు. మళ్లీ వాళ్లే, పిలిస్తే పలకదు, పొగరు అనేవారు. మెప్పూ తిట్టూ రెండూ ఆ జబ్బు వల్లే వచ్చాయని డాక్టరుగారు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. నాకున్న రకం చెవుడులో బయటి మాట తగ్గి, మన గొంతు మాత్రం మనకు లోపల ఖంగుమని వినబడుతుంది. అందుకని మనకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడతాం.

ఇంకో వింత కూడా ఉంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినబడని మాట, గ్రైండరు తిరుగుతుంటేనో, బస్సులోనో బాగానే వినబడేది. రొదలో అందరూ గొంతు పెంచి మాట్లాడతారు కదా! ఆ రొద ఇతరులకు అడ్డమైనంతగా నాకు అడ్డం కాదు. "చూశారా, కావలసినప్పుడు వినబడుతుంది" అని వెక్కిరించేవాళ్లకు ఇదొక సాక్ష్యం అయిపోయింది.

స్కూల్లో జీవశాస్త్రంలో చెవి బొమ్మ వేసిన గుర్తుందా? చెవిని మూడు గదుల ఇల్లు అనుకోండి. వీధి గది బయటి చెవి. దాని చివర కర్ణభేరి తలుపులా ఉంటుంది. నడిమి గదిలో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి. మూడోది మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక, 3 మిల్లీమీటర్లు ఉంటుందంతే! లోపలి గదిలో నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం ఉంటుంది. అందులో సుమారు 15 వేల సన్నని రోమకణాలుంటాయి. ఎముకలు తెచ్చి ఇచ్చిన కదలికను ఈ కణాలు నరానికి అందిస్తాయి. నరం మెదడుకు చేరుస్తుంది.

వీధి గదిలోనో, నడిమి గదిలోనో అడ్డు పడి శబ్దం లోపలికి చేరకపోతే దాన్ని వాహక లోపం అంటారు. డాక్టర్లు కండక్టివ్ రకం అంటారు. లోపలి కణాలో, నరమో దెబ్బతింటే నరాల చెవుడు. డాక్టర్ల మాటలో సెన్సరీ న్యూరల్ రకం. రెండూ కలిసుంటే మిశ్రమ రకం. ఈ మూడింట్లో ఏది అన్నది తేలకుండా చుక్కల మందు వేసినా, మిషను కొన్నా డబ్బు దండగే.

నాది మొదటి రకం. ఆ 3 మిల్లీమీటర్ల ఎముక తుప్పు పట్టిన తలుపు బందులా బిగుసుకుపోయింది. దాని పేరు ఓటోస్క్లిరోసిస్. ఇది మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. చాలామంది గర్భంతో ఉన్నప్పుడో, కాన్పయ్యాకో మొదటిసారి గమనిస్తారు. కుటుంబంలో మరొకరికి ఉండటం కూడా మామూలే. మా పెద్దమ్మ కూడా నడివయసులోనే చెవిటిదయింది. డాక్టరుగారు శ్రుతిదండాన్ని మోగించి చెవి ముందు పెడితే నాకు సరిగా వినబడలేదు. దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనిస్తే గుయ్యిమని వినబడింది. "లోపలి గది బాగుందమ్మా, దారిలోనే అడ్డు" అన్నారావిడ. తర్వాత శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడిగి, వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. దాన్ని ఆడియోమెట్రీ అంటారు. నొప్పీ లేదు, సూదీ లేదు.

ఆపరేషను చేసి ఆ ఎముక స్థానంలో చిన్న పిస్టను అమర్చవచ్చన్నారు. 1956లో అమెరికాలో జాన్ షే అనే డాక్టరు ఈ రకం ఆపరేషనుకు దారి వేశారట. అయితే నూటికి ఒకరికి ఆ చెవి పూర్తిగా పోయే ప్రమాదం కూడా ఉందని దాచకుండా చెప్పారు. మా అమ్మ వద్దంటే వద్దంది. "ఉన్నది కూడా పోతే? రేపు పిల్ల పెళ్లికి చెవిటి వంశం అంటారే!" అని ఏడ్చింది. మావారు నిర్ణయం నాకే వదిలేశారు. వారం రోజులు ఆలోచించాను. ఆపరేషను వద్దనుకుంటే మిషను పెట్టుకున్నా వినబడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి ధైర్యం వచ్చింది. ఎక్కువ పోయిన ఎడమ చెవికి 33వ ఏట చేయించుకున్నాను. నాలుగు రోజులు తల తిరిగింది. చెవిలో నీళ్లు పడనివ్వకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచే తుమ్మాలి, ముక్కు గట్టిగా చీదకూడదు అన్నారు. రుచి నరం ఒకటి చెవి లోపల్నుంచే పోతుందట! దాని వల్ల నెలరోజులకు పైగా నాలుకకు ఒక పక్క ఇనుము రుచి తగిలింది. పులుసు రుచి చూసే పని మా అమ్మాయికి అప్పగించాను.

కట్టు విప్పాక నేను ముందు విన్నది తిరగమోతలో ఆవాలు చిటపటలాడటం. ఆరేళ్ల తర్వాత విన్న చిటపట అది. రెండో చెవిని ఆపరేషను జోలికి పోకుండా మిషనుతో నెట్టుకొస్తున్నాను.

ఇక అత్తయ్యగారు. ఆవిడకు 74 ఏళ్లు. ఆవిడది నరాల చెవుడు, వయసుతో వచ్చింది. నాకు రొదలో నయం, ఆవిడకు రొదలో బొత్తిగా అర్థం కాదు. నేను గొంతు తగ్గిస్తే ఆవిడ గొంతు పెంచుతారు. "వినబడుతోందే, ఏమంటున్నావో తెలియట్లేదు" అంటారు. గట్టిగా అరిస్తే, "అంత కేకలెందుకు, తల పగిలిపోతోంది!" అని విసుక్కుంటారు. ఇందులో నటన ఏమీ లేదు. లోపలి కణాల్లో ముందుగా పోయేవి సన్నని, పై శ్రుతి శబ్దాలను పట్టేవి. దాంతో స, ష, ఫ లాంటి హల్లులు జారిపోయి అచ్చులే మిగులుతాయి. "సాయంత్రం" అంటే "ఆయంత్రం" అని వినబడుతుంది.

ఆడవాళ్ల గొంతూ పిల్లల గొంతూ సన్నం కదా! మావారి మాట ఆవిడకు అర్థమయ్యేది, నాదీ మనవరాలిదీ అయ్యేది కాదు. "కొడుకు మాట వినబడుతుంది గానీ కోడలి మాట వినబడదు" అని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. ఎన్ని ఇళ్లలో ఈ ఒక్క కారణానికి అత్తాకోడళ్ల మధ్య మనస్పర్ధలు వచ్చాయో!

పోయిన ఆ కణాలు మళ్లీ పుట్టవు. చుక్కల మందులతో, మాత్రలతో అవి తిరిగి రావు. ఇలాంటివారికి మిషనే ఆసరా. ఆవిడ కొన్న వారానికే దాన్ని బీరువాలో పెట్టేశారు. గిన్నెల చప్పుడంతా నెత్తిన పడుతోందన్నారు. మళ్లీ తీయించి, మొదట రోజుకు గంట చొప్పున నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టించాం. తర్వాత కొద్దికొద్దిగా పెంచాం. రెండు నెలలకు అలవాటైంది. మిషనుకు తడీ చెమటా పడవు. రాత్రి తీసి సిలికా జెల్ పొట్లం ఉన్న డబ్బాలో పెట్టండి. మార్చే రకం బ్యాటరీకి ఉండే స్టిక్కరు ఒకసారి తీస్తే, వాడినా వాడకపోయినా అది ఖర్చయిపోతుంది. బ్యాటరీలు పసిపిల్లలకు అందకుండా దాచండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ముసలితనంలో ఇది మామూలే అని వదిలేయకండి. వినబడని మనిషి మాటలు తగ్గించుకుంటారు, మూల చేరతారు. వినికిడి లోపం మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో ఒకటని 2020లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ కూడా చెప్పింది. వారితో మాట్లాడేటప్పుడు టీవీ కట్టేసి, ఎదురుగా, వెలుతురులో నిలబడి, మెల్లగా, విడమరిచి చెప్పండి. అర్థం కాకపోతే అదే మాట అరవకుండా మరో మాటతో చెప్పండి.

ఇక ఇంట్లో గుర్తుంచుకోవలసినవి కొన్ని. చెవిలో పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ పెట్టకండి, గులిమి ఇంకా లోపలికి పోతుంది. చీము కారే చెవిలో వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆపరేషనుతో పూడ్చవచ్చు. చీము వాసన వేస్తుంటే ఎముకను తినే జబ్బు కావచ్చు, అశ్రద్ధ చేస్తే మిశ్రమ చెవుడుగా మారుతుంది. కొన్ని ఇంజెక్షన్లు, ముఖ్యంగా జెంటామైసిన్ జాతివి, లోపలి కణాలను దెబ్బతీయగలవు. వినికిడి తక్కువగా ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. 85 డెసిబెల్స్ దాటిన రొదలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేసినా నరాల చెవుడు వస్తుంది. మిల్లుల్లో పనిచేసేవారు చెవులకు రక్షణ పెట్టుకోవాలి. ఉన్నట్టుండి ఒక్క రోజులో ఒక చెవి వినబడకపోతే జలుబే అనుకుని ఆగవద్దు. వెంటనే వైద్యం చేస్తేనే దక్కే అవకాశం ఎక్కువ, రోజులు గడిచే కొద్దీ అది తగ్గిపోతుంది.

పసిబిడ్డ పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాదికి ముద్దుమాటలు రాకపోయినా పరీక్ష చేయించండి. మాటలు నేర్చే వయసు దాటితే కష్టం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంటును కూడా చేర్చారు. కార్డున్నవాళ్లు అడిగి తెలుసుకోండి. హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం ఉంది. జిల్లా ఆసుపత్రిలో చెవి డాక్టరున్నారేమో ముందు అక్కడ కనుక్కోండి.

మీ ఇంట్లో పిలిస్తే పలకనివారు ఎవరైనా ఉన్నారా? పొగరు, పరధ్యానం, నటన అని పేరు పెట్టే ముందు ఒక్కసారి చెవుల పరీక్ష చేయించి చూడండి. ఒకవేళ ఆ మనిషి మీరే అయితే సిగ్గుపడకుండా మీ వారితో చెప్పండి. కళ్లజోడు పెట్టుకున్నంత మామూలుగా మిషను పెట్టుకునే రోజు రావాలంటే, ఎవరో ఒకరు ముందు జుట్టు వెనక్కి దువ్వి మిషను కనబడేలా బజారుకు వెళ్లాలి కదా! మా వీధిలో ఆ పని నేనూ, మా అత్తయ్యగారూ చేస్తున్నాం.